నోరు ఒక్కటే, బూరలు ఐదు



గత నెల ఒక ఆదివారం ఆరాధన ముగిసి చాపలు చుడుతున్న వేళ, యవ్వనస్థుల్లో ఒకడు మా దగ్గరికి వచ్చాడు. సంఘానికి ఒక ట్రంపెట్ కొనాలన్న మాట కమిటీలో నడుస్తోంది. ఏది కొంటే మంచిదో చెప్పమన్నాడు. తర్వాత చెబుతామన్నాము. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, "కోపం చేయకుండ్రి అయ్యగారూ. మీ కాడ ఐదు బూరలున్నయి. నోరు ఒక్కటే గదా?" అన్నాడు.

పెద్దలు వాణ్ని గదిమారు. మేము నవ్వి ఊరుకున్నాము. కానీ ఆ నవ్వు ఇంటిదాకా రాలేదు. వాడన్నది నిజమే. అప్పటికి మా బీరువాలో మూడు ట్రంపెట్లు, రెండు ఫ్లూగల్‌హార్న్‌లు ఉన్నాయి. ఆదివారం మేము ఊదేది ఒక్కటే. మిగతా నాలుగూ పెట్టెల్లో పడుకుని ఉంటాయి. కాబట్టి సంఘానికి ఏది కొనాలి, సేవకునికి ఐదెందుకు అన్న రెండు ప్రశ్నలకూ ఇక్కడే జవాబు చెప్పుకుంటాము. మొదటిదానికి మా అనుభవం జవాబు చెబుతుంది. రెండోదానికి మా తప్పు ఒప్పుకోవాలి.

ముందుగా, తెలియనివారి కోసం నాలుగు మాటలు. ట్రంపెట్ అంటే మన బ్యాండు మేళంలో పెళ్లికొడుకు ముందు నడుస్తూ ఊదే ఆ పొడుగాటి ఇత్తడి బూరే. దాని గొట్టాన్ని మెలికలు విప్పి సాగదీస్తే దాదాపు నాలుగున్నర అడుగులు ఉంటుంది. ఫ్లూగల్‌హార్న్ గొట్టం కూడా అంతే పొడుగు. అవే మూడు పిస్టన్లు, వేళ్లు పెట్టే పద్ధతి కూడా అదే. మరి తేడా ఏమిటి? ట్రంపెట్ గొట్టం చాలా దూరం ఒకే లావుగా వెళ్లి చివర్లో విచ్చుకుంటుంది. ఫ్లూగల్‌హార్న్ గొట్టం, పిస్టన్ల దగ్గర తప్ప, మొదటినుంచీ క్రమంగా లావెక్కుతూ పోతుంది. దాని మౌత్‌పీస్ గిన్నె కూడా లోతు. అందుకే ట్రంపెట్ గొంతు షిఫ్టు సైరన్‌లాగా సూటిగా వెళ్లి తగులుతుంది. ఫ్లూగల్‌హార్న్ గొంతు, పొద్దుగూకాక అమ్మ గుమ్మంలో నిలబడి పిల్లల్ని ఇంట్లోకి పిలిచినట్టు ఉంటుంది. ఫ్లూగల్ అన్నది జర్మన్ మాట, రెక్క అని అర్థం.

ఇప్పుడు ఎంపిక మాట. మెరుపు చూసి కొనకండి. ఇది మా మొదటి సలహా, మేము డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్న సలహా కూడా. ఇత్తడిలో సుమారు 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు ఉంటాయి. ఊదేవాని ఊపిరి తడికి ఏళ్లు గడిచేకొద్దీ జింకు కరిగిపోయి, రాగి మిగిలి, లోపలినుంచి ఎర్రటి మచ్చలు పైకి తేలతాయి. మౌత్‌పీస్ పెట్టే గొట్టం మీద అలాంటి మచ్చలు కనబడితే, పైన ఎంత పాలిష్ పెట్టినా లోపల గొట్టం కుళ్లిందనే అర్థం. మా మొదటి సెకండ్ హ్యాండ్ ట్రంపెట్ అలాంటిదే. ఫోటోలో బంగారంలా ఉంది. చేతికొచ్చాక చూస్తే గొట్టం కింద గోరంత మచ్చలు మూడు.

రెండోది, పిస్టన్లు. పిస్టన్ నొక్కకుండా రెండో స్లైడును మెల్లగా పూర్తిగా బయటికి లాగండి. "టప్" మని చిన్న చప్పుడు వస్తే గాలి బిగువు బాగుందని అర్థం. చప్పుడు లేకుండా వచ్చేస్తే లోపల అరిగిపోయింది, మీ ఊపిరి సగం దారిలోనే పోతుంది. పిస్టన్ నొక్కి వదిలితే వెంటనే పైకి రావాలి. ఈ రెండు పరీక్షలకూ సంగీతం రానక్కరలేదు. కమిటీ పెద్దలు కూడా చేయవచ్చు.

మూడోది, మూడో స్లైడుకు వేలు పెట్టే ఉంగరం ఉండి, అది ఊదుతూ ఊదుతూనే కదలాలి. ఒకటో పిస్టన్, మూడో పిస్టన్ కలిపి నొక్కినా, మూడూ కలిపి నొక్కినా వచ్చే స్వరాలు ఏ ట్రంపెట్‌లోనైనా కొంచెం పైకి ఎక్కుతాయి. ఆ స్లైడును వేలితో ముందుకు తోసి శ్రుతిలోకి దించాలి. ఇది తెలియక పిల్లలు తమకు చెవి లేదనుకుని మానేస్తారు. చెవి ఉంది, స్లైడు బిగుసుకుపోయింది.

నాలుగోది, మౌత్‌పీస్. బూర కంటే ముందు దీన్ని చూడాలి. అమెరికాలో పేరుపొందిన బాక్ ట్రంపెట్లు చేసిన విన్సెంట్ బాక్ అనే ఆయన 1918లో పని మొదలుపెట్టింది మౌత్‌పీసులతోనే. ట్రంపెట్ల పని మొదలైంది 1924లో. ఆ వరుస మాకు సరైనదనిపిస్తుంది. పెదవికి సరిపోయే మౌత్‌పీస్ ఉంటే మామూలు బూర కూడా మాట వింటుంది. ఫ్లూగల్‌హార్న్ కొనేవాళ్లు ఇంకో జాగ్రత్త తీసుకోవాలి. వాటి మౌత్‌పీస్ కాడ కొలతలు అన్నింటికీ ఒకటి కాదు. ఒక తయారీవాళ్లది ఇంకొకరి గొట్టంలో వదులుగా ఆడుతుంది, లేదా సగంలోనే ఆగిపోతుంది. మేము ఒకటి కొని ఆరు నెలలు సరైన మౌత్‌పీస్ దొరక్క దాన్ని చూసుకుంటూ కూర్చున్నాము.

ఐదోది, మన కీబోర్డు వాయించే తమ్ముడితో కలిసి పరీక్షించండి. మామూలు ట్రంపెట్ బీ ఫ్లాట్ వాయిద్యం. కీబోర్డు సి లో పాడుతుంటే ట్రంపెట్ డి లో ఊదాలి, అంటే ఒక స్వరం పైన. ఇది ముందే చెప్పకపోతే మొదటి ఆదివారమే ఇద్దరికీ గొడవ అవుతుంది. "నువ్వు తప్పు" అంటే "నువ్వు తప్పు" అనుకుంటారు. తప్పు ఇద్దరిదీ కాదు.

ఇక పేర్ల మాట. విదేశీ పేరున్న పెద్ద ట్రంపెట్ కొత్తది కొనాలంటే లక్ష దాటుతుంది. మన బ్యాండు మేళాల చేతుల్లో ఉన్నవి ఎక్కువగా ఉత్తరప్రదేశ్‌లోని మీరట్ నుంచి వచ్చినవి. అక్కడ జాలీ కోఠీ అనే వీధి బ్యాండు సామానుకు పేరు. అక్కడి నాదిర్ అలీ కంపెనీ 1885లో మొదలైంది. మీరట్ బూర అనగానే పెదవి విరిచేవాళ్లను చూశాము. మేమూ ఒకప్పుడు విరిచాము. కానీ మన ప్రాంతంలో పెళ్లి ఊరేగింపుల్లో ఎండలో ఐదారు గంటలు నడుస్తూ ఆ బూరలే ఊది ఇల్లు గడుపుకున్న అన్నలను చూశాక ఆ పెదవి విరుపు పోయింది. వాళ్లకు దొరికింది ఆ బూర. దానితోనే వీధి వీధంతా బయటికి వచ్చి నిలబడేట్టు చేశారు. చేతికొచ్చినదాన్ని బట్టి చూడాలి. ఏ ఊరిదైనా బాగున్నవీ ఉంటాయి, బాగులేనివీ ఉంటాయి. పైన చెప్పిన పరీక్షలు వాటికీ అవే.

ఇంతవరకు తేలికైన జవాబు. ఇప్పుడు రెండో ప్రశ్న.

మొదటి ట్రంపెట్ కొన్నప్పుడు మాకు నిజంగా అవసరం ఉంది. రెండోది కొన్నప్పుడు, మొదటిది బాగుచేయించేలోపు ఒకటి ఉండాలి కదా అనుకున్నాము. ఫ్లూగల్‌హార్న్ కొన్నప్పుడు, కుటుంబ ప్రార్థనల్లో చిన్న ఇంట్లో ట్రంపెట్ మోత ఎక్కువవుతుంది, మెత్తని గొంతు కావాలి అనుకున్నాము. ఆ మాట నిజమే. రెండో ఫ్లూగల్‌హార్న్ కొన్నప్పుడు ఏమనుకున్నామో ఇప్పుడు గుర్తు లేదు. రాత్రి ప్రార్థన అయ్యాక ఫోన్‌లో పాత బూరల ఫోటోలు చూస్తూ కూర్చునే అలవాటు మాత్రం గుర్తుంది. కొన్నవాటిలో ఒక్క రూపాయీ సంఘానిది కాదు. ఆ విషయంలో మా చేతులు శుభ్రం. కానీ అమ్మగారు కుట్టుమిషను కావాలని అడిగి ఏడాది అయింది. "వచ్చే నెల చూద్దాం" అన్న జవాబు ఆమె పన్నెండుసార్లు విన్నది. ఆ పన్నెండు నెలల్లోనే రెండో ఫ్లూగల్‌హార్న్ మా ఇంటికి వచ్చింది. ఆమె ఏమీ అనలేదు. పెట్టె తుడిచి బీరువాలో పెట్టింది.

అయినా మమ్మల్ని కదిలించింది అది కాదు. కదిలించవలసింది, కానీ కదిలించలేదు. కదిలించినది ఇంకొకటి.

మన సంఘంలో ఒక పెద్దాయన ఉండేవారు. పేరు రాయము, మీలో చాలామందికి తెలుసు. పడుచుతనంలో బ్యాండు మేళంలో ట్రంపెట్ ఊదేవారు. తర్వాత బాయిల నౌకరీ దొరికింది, దిగారు, రిటైరయ్యే దాకా అందులోనే ఉన్నారు. రిటైరయ్యేనాటికి నాలుగు అడుగులు నడిస్తే ఆగి ఊపిరి తీసుకునేవారు. ఒక సాయంత్రం పాత తువ్వాలలో చుట్టిన మూటతో మా ఇంటికి వచ్చారు. లోపల ఆయన ట్రంపెట్. ఒకవైపు నొక్కుకుపోయి ఉంది. పిస్టన్ల మీద ఆయన వేళ్లు ఆనిన చోట ఇత్తడి అరిగి మెరుస్తోంది.

"నా ఊపిరంతా బాయిలనే అయిపోయింది అయ్యగారూ. దీనికి మాత్రం ఇంకా పానం ఉన్నది. పోరగాండ్లకు నేర్పుండ్రి" అన్నారు.

తీసుకున్నాము. శుభ్రం చేశాము, నూనె వేశాము. దాని గొంతు విని ఆశ్చర్యపోయాము కూడా. తర్వాత ఏం చేశామో చెప్పడానికి సిగ్గవుతోంది. బీరువాలో పెట్టాము. పాతది, మంచిది, పిల్లల చేతికిస్తే కింద పడేస్తారేమో అన్నాము. ఆయన కనిపించినప్పుడల్లా "ఎవరన్నా నేర్చుకుంటున్నరా?" అని అడిగేవారు. "మొదలుపెడదాం" అనేవాళ్లము. రెండేళ్లు అలాగే గడిచాయి.

ఒక వానాకాలం ఆయన ప్రభువునందు నిద్రించారు. సమాధి కార్యక్రమానికి ఆయన బూర మీదనే ఒక కీర్తన ఊదుదామనుకున్నాము. పెట్టె తెరిచి తీస్తే రెండో పిస్టన్ కదలలేదు. రెండేళ్లు ఊపిరి తగలక నూనె జిగురై బిగుసుకుపోయింది. బలవంతం చేస్తే విరుగుతుందని భయపడి పక్కన పెట్టి, మా ఫ్లూగల్‌హార్న్ తీసుకుని పోయాము. వాన చినుకుల్లో దాని గొంతు బాగా పలికింది. చాలామంది కళ్లు తుడుచుకున్నారు, మెచ్చుకున్నారు. అంతా అయిపోయాక ఆయన కూతురు మెల్లగా అడిగింది: "మా నాయిన బూర తేలేదా అయ్యగారూ?"

ఏం చెప్పాలో తెలియలేదు. "బాగుచేయాలమ్మా" అన్నాము. నిజానికి అది పాడైంది ఆయన చేతుల్లో కాదు, మా చేతుల్లో.

ఆ తర్వాత వాక్యము తెరిచి బూరల గురించి ఉన్నచోట్లన్నీ మళ్లీ చదివాము. ఎన్నోసార్లు ప్రసంగించిన భాగాలే. ఈసారి మాత్రం వేరే సంగతి కంటబడింది.

సంఖ్యాకాండము 10వ అధ్యాయంలో దేవుడు మోషేను వెండి బూరలు చేయించమన్నాడు. ఎన్ని? రెండు. ఆరు లక్షలకు పైగా యుద్ధానికి తగిన పురుషులున్న జనాంగానికి రెండే బూరలు. పైగా వాటి పని ముందే చెప్పాడు. రెండూ ఊదితే సమాజమంతా కూడిరావాలి, ఒకటే ఊదితే ప్రధానులు రావాలి, ఆర్భాటంగా ఊదితే పాళెములు కదలాలి. వాటిని ఊదవలసినవారు అహరోను కుమారులైన యాజకులు. అహరోనుకు నలుగురు కుమారులు. నాదాబు, అబీహు అప్పటికే చనిపోయారు. మిగిలినవారు ఎలియాజరు, ఈతామారు. ఇద్దరు మనుషులు, రెండు బూరలు.

న్యాయాధిపతులు 7వ అధ్యాయానికి రండి. గిద్యోను వెంట మిగిలినవారు 300 మంది. ఇంటికి వెళ్లిపోయినవారి బూరలు వాళ్ల చేతికొచ్చాయి. ఒక్కొక్కరి చేతిలో ఒక బూర, ఒక కుండ, లోపల ఒక దివిటీ. బూర లేని మనిషి లేడు.

తర్వాత సొలొమోను దేవాలయం ప్రతిష్ఠ, రెండవ దినవృత్తాంతములు 5వ అధ్యాయం. అక్కడ బూరలు ఊదిన యాజకులు 120 మంది. రెండు నూట ఇరవై అయ్యాయి. అది ఆడంబరమా? కాదని మేము అనుకుంటున్నాము. ఊదేవాళ్లు పెరిగారు గనుక బూరలు పెరిగాయి. వాక్యములో బూర ఎక్కడ కనిపించినా దాని వెనక ఊదే ఒక మనిషి ఉన్నాడు. ఎవరూ ఊదకుండా బీరువాలో దాచిన బూరను మేము ఎక్కడా చూడలేదు.

అందుకే మా అభిప్రాయం ఇది. బూరలు పోగుచేయడం పాపమని మేము అనము. కానీ బూరల లెక్క ఊపిరుల లెక్కను దాటకూడదు. దాటిన ప్రతి బూరా ఎవరో ఒకరి నోటి దగ్గర ఉండవలసినది.

దీనికి ఒక మంచి అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేయకూడదు. "మీలాంటివాళ్లు కొని దాచకపోతే పాత బూరలన్నీ తుక్కుకింద పోతాయి" అని ఒక మిత్రుడు అన్నాడు. నిజమే. డీజే బాక్సులు వచ్చాక మన ప్రాంతంలో మేళాలకు పిలుపులు తగ్గాయి. ఇత్తడిని కిలోల లెక్కన తూచి అమ్మినవాళ్లు మాకు తెలుసు. అలాంటి ఒక బూరను తక్కెడ మీదనుంచి తీసుకున్నవాడు మంచిపనే చేశాడు. కానీ తక్కెడ మీదనుంచి తీసి బీరువాలో పెడితే రక్షించినట్టు కాదు. పెద్దాయన బూర మాకు ఆ పాఠం చెప్పింది. ఊదని బూర బీరువాలో కూడా చచ్చిపోతుంది, కాకపోతే మెల్లగా.

మనలాంటి బొగ్గు ఊర్లు వేరే దేశాల్లోనూ ఉన్నాయి. మన సింగరేణి చరిత్ర 1871లో ఇల్లందు దగ్గర డాక్టర్ కింగ్ బొగ్గు కనుగొనడంతో మొదలవుతుంది. అదే 1871లో ఇంగ్లండులోని డర్హమ్ గని కార్మికులు తమ మొదటి పెద్ద సభ జరుపుకున్నారు. ఆ సభ నేటికీ ఉంది. ఒక్కొక్క గని వాళ్లు తమ జెండా పట్టుకుని, ముందు ఇత్తడి బ్యాండు ఊదుతుండగా ఊరేగింపుగా వస్తారు. 1934లో వేల్స్‌లోని గ్రెస్‌ఫర్డ్ గనిలో పేలుడు జరిగి 266 మంది చనిపోయారు. రాబర్ట్ సెయింట్ అనే గని కార్మికుడు వారి కోసం ఒక బాణీ కట్టాడు. మాటల్లేని ఆ బాణీని డర్హమ్ సభలో ఇత్తడి బ్యాండులు ఊదుతాయి, జనం లేచి నిలబడతారు.

మనకూ అలాంటి రోజులున్నాయి. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు ముంచుకొచ్చి 17 మంది చనిపోయారు. ఆ ఇళ్ల దుఃఖం ఎవరికీ చెప్పనక్కరలేదు. మన చనిపోయినవారి కోసం ఊదే మనిషి రేపు మన మధ్య ఉంటాడా అన్నదే మా దిగులు.

ఇంగ్లండులోనే గ్రైమ్‌థార్ప్ అనే గని ఊరి బ్యాండు 1917లో మొదలైంది. 1993లో ఆ గని మూతపడింది. బ్యాండు మూతపడలేదు, ఇవాళ్టికీ ఊదుతోంది. ఎందుకంటే వాళ్ల బూరలు మనుషుల చేతుల్లో ఉన్నాయి. ఒకరు లేచిపోతే ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు, వాయిద్యం ఆగదు. ఇంకో సంగతి చెబితే మీరు నవ్వుతారు. అలాంటి బ్యాండులో పాతికమంది ఊదేవాళ్లుంటే, అందులో ఫ్లూగల్‌హార్న్ ఒక్కటే. పాతికమందికి ఒకటి సరిపోయింది. మా ఒక్కరికి రెండు!

రక్షణ సైన్యం వారి బ్యాండు పుట్టుక కూడా చెప్పుకోదగినది. 1878లో సాల్స్‌బరీ అనే ఊళ్లో వీధి సువార్త చేసేవాళ్ల మీద అల్లరిమూకలు పడుతుంటే, చార్లెస్ ఫ్రై అనే ఇల్లు కట్టే మేస్త్రీ, ఆయన ముగ్గురు కొడుకులు తోడుగా వచ్చారు. తమకు తెలిసిన బూరలు వెంట తెచ్చుకున్నారు. నలుగురికి నాలుగు. అక్కడినుంచే ఆ సైన్యం బ్యాండులు లోకమంతటా వ్యాపించాయి.

ఇక్కడ మన పెద్దల్లో కొందరికి ఒక మాట. "పెళ్లి బరాతుల్లో, జాతరల్లో ఊదిన బూర ఆరాధనలోకి ఎట్లా వస్తుంది?" అని మీలో ఒకరు అడిగారు. ఆ ప్రశ్న వెనక బూర మీద కంటే బూర ఊదేవాని మీద చిన్నచూపు ఉందేమోనని మాకు భయం. ఆ అన్నలు అందరి పెళ్లిళ్లనూ ఘనపరిచి, చివరి పంక్తిలో తిన్నవాళ్లు. మన సంఘంలో ఆ ఇళ్ల బిడ్డలు ఎంతమంది ఉన్నారో మీకే తెలుసు. ఇత్తడికి అంటు లేదు. మనిషికి అసలే లేదు. ఏం ఊదుతున్నాము, ఎవరి కోసం ఊదుతున్నాము అన్నదే చూడవలసినది.

ఇక మేము చేసినది చెబుతాము. రెండో ఫ్లూగల్‌హార్న్ అమ్మేశాము. వచ్చిన డబ్బుతో అమ్మగారికి కుట్టుమిషను వచ్చింది. ఆమె మొదట కుట్టినది మా మిగిలిన ఫ్లూగల్‌హార్న్‌కు గుడ్డ సంచి. ఆ సంచి చూసినప్పుడల్లా మా తల కొంచెం వంగుతుంది, మంచిదే. పెద్దాయన ట్రంపెట్‌ను హైదరాబాద్‌లో బ్యాండు సామాను బాగుచేసే ఒక మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లాము. పిస్టన్ విడిపించాడు. నొక్కు తీయమంటారా అని అడిగితే వద్దన్నాము. ఇప్పుడు అది ఆయన మనవరాలి దగ్గర ఉంది. ఏడో తరగతి. మొదటి వారం ఆమె ఊదితే పక్కింటి బర్రె జవాబు చెప్పింది. నాలుగో వారానికి ఐదు స్వరాలు శుభ్రంగా వచ్చాయి. అపొస్తలుడైన పౌలు 1 కొరింథీయులకు 14:8లో, బూర స్పష్టం కాని ధ్వని ఇస్తే యుద్ధానికి ఎవడు సిద్ధపడతాడని అడుగుతాడు. ఐదు స్వరాలైనా స్పష్టంగా ఉంటే చాలు, మిగతావి వస్తాయి. మా మిగిలిన ట్రంపెట్లలో ఒకటి, మమ్మల్ని ఆ ప్రశ్న అడిగిన యవ్వనస్థుని చేతికే ఇచ్చాము. "ఇప్పుడు నీ నోరు కూడా లెక్కలోకి వచ్చింది" అన్నాము.

కమిటీకి మా మనవి. లక్ష పెట్టి ఒక పెద్ద పేరు కొనవద్దు. అది పెట్టెలోనే ఉంటుంది, తాళం చెవి ఒకరి దగ్గర ఉంటుంది, పిల్లలు దూరంనుంచి చూస్తారు. పరీక్షకు నిలిచిన మామూలు ట్రంపెట్లు రెండు చూద్దాం. మిగిలిన డబ్బుతో మంచి మౌత్‌పీసులు కొందాం, పిల్లవానికి ఒకటి చొప్పున. ఒకరి మౌత్‌పీస్ ఇంకొకరు పెట్టుకోకూడదు. దగ్గు, క్షయ ఉన్న ఊరు మనది, అందులో మొహమాటం వద్దు. ప్రతివారం సబ్బునీళ్లతో కడగాలి. బాయిల పనిచేసి ఛాతీ పాడైన పెద్దలు డాక్టరును అడగకుండా ఊదడానికి కూర్చోవద్దు. వారు పక్కన కూర్చుని తాళం చూడవచ్చు, తప్పు చెప్పవచ్చు. అదీ సేవే. ప్రతి బూర పెట్టె మూత లోపల, దాన్ని ఊదే మనిషి పేరు రాసి ఉండాలి. పేరు రాయడానికి ఎవరూ లేకపోతే ఆ బూర మనకు అక్కరలేదు.

ఎవరి ఇంట్లోనైనా అటక మీద నాన్నదో, తాతదో పాత బూర పడి ఉంటే, తుక్కువాడికి వేయకముందు ఒకసారి తెచ్చి చూపించండి. ఈసారి బీరువాలో పెట్టము. శనివారం సాయంత్రం ఐదింటికి మందిరంలో కూడుకుంటున్నాము.

ఒక రోజు కడబూర మ్రోగుతుందని 1 కొరింథీయులకు 15:52లో చదువుతాము. ఆ బూర ఎవరి బీరువాలోనూ లేదు, ఎవరూ కొనలేరు. అది మ్రోగినప్పుడు ఊపిరి బాయిలలో పోగొట్టుకున్న ఆ పెద్దాయన కూడా లేస్తారు. ఆ రోజు ఆయన మళ్లీ "ఎవరన్నా నేర్చుకుంటున్నరా?" అని అడిగితే, "మీ మనవరాలు" అని చెప్పగలగాలని మా ఆశ.

ప్రార్థన చేసుకుందాం. పరిశుద్ధుడవైన తండ్రీ, మాకిచ్చినవాటిని దాచుకున్నందుకు క్షమించు. మా చేతుల్లో ఉన్నది ఎవరి చేతికి పోవాలో చూపించు. ఈ బొగ్గు నేల మీద ఊపిరి పీల్చడమే కష్టమైన ప్రతి బిడ్డకూ నీ ఊపిరి దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమెన్.